తత్వశాస్త్రం క్లాసు నుంచి స్టేడియం దాకా: మైల్స్ బ్రాండ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మైల్స్ బ్రాండ్ ఎవరు?

అమెరికాలో తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. 1942లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. దాదాపు ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పారు. తర్వాత రెండు పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలకు ప్రెసిడెంట్ అయ్యారు: 1989 నుంచి 1994 వరకు ఆరెగాన్, 1994 నుంచి 2002 వరకు ఇండియానా. 2003 జనవరి నుంచి 2009 సెప్టెంబరులో చనిపోయేదాకా అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏకి అధిపతి. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ యూనివర్సిటీ ప్రెసిడెంట్లు కారు. ఆయనే మొదటివారు.

ఆయన గురించి తెలుగులో ఎందుకు రాస్తున్నారు?

నేను డిగ్రీ చదివేటప్పుడు మా సెక్షన్‌లో ఒక కబడ్డీ ప్లేయర్ ఉండేవాడు. యూనివర్సిటీ టీమ్‌తో పోటీలకు వెళ్లి పది రోజులకు తిరిగొచ్చేసరికి ఇంటర్నల్స్ అయిపోయేవి. ఆఫీసులో లెటర్ ఇస్తే అటెండెన్స్ వేసేవారు. పోయిన పాఠం వాడికి ఎవరు చెబుతారని మాత్రం ఎవరూ అడగలేదు, పక్క బెంచీలో కూర్చున్న నాతో సహా. మూడేళ్లయ్యాక వాడు బ్యాక్‌లాగ్స్‌తో బయటికెళ్లాడు. వాడు తెచ్చిన షీల్డు మాత్రం ప్రిన్సిపాల్ గదిలో ఉండిపోయింది.

ఆట ఆడే పిల్లవాడి చదువుకు కాలేజీ బాధ్యత ఉందా? అసలు కాలేజీలో ఆట ఎందుకుంది? ఈ రెండు ప్రశ్నలను ఒక పెద్ద అధికార పీఠం మీద కూర్చుని గట్టిగా అడిగిన మనిషి నాకు తెలిసి బ్రాండ్ ఒక్కరే. అందుకే ఈ పేజీ.

ఎన్‌సీఏఏ అంటే ఏమిటి? మన స్పోర్ట్స్ బోర్డు లాంటిదా?

కొంచెం అలాంటిదే, కానీ చాలా పెద్దది. పూర్తి పేరు నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. 1905 సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు) మైదానాల్లో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీలవాళ్లను పిలిచి మాట్లాడారు. ఆ మాటల్లోంచి 1906లో ఈ సంఘం పుట్టింది. ఇప్పటి పేరు 1910లో వచ్చింది. ఆఫీసు ఇండియానాపొలిస్‌లో ఉంది. బ్రాండ్ కాలానికి వెయ్యికి పైగా కాలేజీలు, దాదాపు 4 లక్షల మంది ఆటగాళ్లు దీని కిందికి వచ్చేవారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ప్రసారాలకు సీబీఎస్ ఛానల్ 11 ఏళ్లకు 600 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ ఒప్పందం మొదలైన సీజన్‌లోనే బ్రాండ్ పదవిలోకి వచ్చారు. ఆడేది విద్యార్థులు, చూసేది దేశమంతా, సొమ్ము వేల కోట్ల రూపాయల్లో. ఈ మూడూ ఒకే ఇంట్లో కాపురం చేయడం వల్లే ఆయనకు తలనొప్పులన్నీ.

ఆయన చదువు ఎక్కడ సాగింది?

రెన్సెలర్ పాలిటెక్నిక్ అనే ఇంజినీరింగ్‌కి పేరున్న సంస్థలో చేరి, 1964లో తత్వశాస్త్రంలో డిగ్రీ పట్టుకుని బయటికొచ్చారు. 1967లో రోచెస్టర్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. తర్వాత పిట్స్‌బర్గ్, షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ, అరిజోనా. షికాగోలో, అరిజోనాలో డిపార్ట్‌మెంట్ హెడ్‌గా చేశారు. ఆయన భార్య పెగ్ జెగ్లిన్ బ్రాండ్ కూడా తత్వశాస్త్ర ప్రొఫెసరే. కళ, సౌందర్యం ఆమె విషయాలు.

తత్వశాస్త్రంలో ఆయన ఏం పని చేశారు? మామూలు మాటల్లో చెప్పండి.

మీ చెయ్యి పైకి లేచిందనుకోండి. మీరు లేపారా, అదే లేచిందా? క్లాసులో జవాబు చెప్పడానికి ఎత్తితే మీరు లేపినట్టు. కరెంట్ షాక్ కొట్టి ఎగిరితే అదే లేచినట్టు. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. మరి తేడా ఎక్కడుంది? మనం 'చేసిన' పనికీ, మనకు 'జరిగిన' దానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? బ్రాండ్ జీవితంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న మీదే పనిచేశారు.

మనలో సంకల్పం అన్న మాట ఉంది. పూజ మొదలుపెట్టే ముందు ఏ ఊళ్లో, ఏ రోజున, ఎవరు, ఏ ఫలం కోసం చేస్తున్నారో పంతులుగారు చెప్పిస్తారు. ఆ తర్వాతే పూజ. బ్రాండ్ వెతికింది కూడా సంకల్పం సంగతే అని నాకనిపిస్తుంది, కాకపోతే ఆయనకు కావలసింది మనసు లోపల అది ఎలా పనిచేస్తుందన్న వివరం.

ఈ చర్చలో డొనాల్డ్ డేవిడ్‌సన్ అనే తత్వవేత్త చెప్పిన ఉదాహరణ ఒకటి చాలా ప్రసిద్ధం. కొండ ఎక్కుతున్నవాడు తాడుతో ఇంకొకడి బరువును మోస్తున్నాడు. తాడు వదిలేస్తే తాను బయటపడతానన్న ఆలోచన తట్టింది. ఆ ఆలోచన వచ్చినందుకే వణికిపోయి, పట్టు తప్పి, తాడు జారిపోయింది. వదిలేయాలన్న కోరిక ఉంది. ఆ కోరిక వల్లే తాడు జారింది. అయినా అతను వదిలేశాడని అనగలమా? అనలేం. అంటే కోరిక కారణమైనంత మాత్రాన అది 'చేసిన పని' అయిపోదు.

బ్రాండ్ జవాబు ఇలా ఉంటుంది. పనికి ఆనుకుని ఉండే సంకల్పంలో రెండు పాళ్లున్నాయి. ఒకటి మనిషిని కదిలించేది. రెండోది ఆ కదలికను చివరిదాకా గమనిస్తూ, నడిపిస్తూ, దారి తప్పితే సరిదిద్దేది. పని మొదలుపెట్టించి పక్కకు తప్పుకుంటే అది సంకల్పం కాదు. 1984లో ఎంఐటీ ప్రెస్ వేసిన 'ఇంటెండింగ్ అండ్ యాక్టింగ్' అన్న పుస్తకంలో దీన్ని విస్తరించి రాశారు. మనస్తత్వశాస్త్రం, కృత్రిమ మేధ పరిశోధనల నుంచి కూడా విషయాలు తీసుకున్నారు. కృత్రిమ మేధ పేరు ఇప్పటిలా ప్రతి ఇంట్లో వినిపించని రోజులవి.

బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో వేసే పిల్లను ఒకసారి చూడండి. మోకాలు వంచడం, మణికట్టు తిప్పడం, ఊపిరి నిలపడం, అన్నిటినీ ఒక చూపు లోపలి నుంచి నడుపుతూ ఉంటుంది. ఆ పుస్తకం రాసిన మనిషి తర్వాత ఆటను చదువులో భాగమని వాదించడంలో నాకైతే ఆశ్చర్యం లేదు.

ప్రొఫెసర్ ప్రెసిడెంట్ ఎలా అయ్యారు?

మెట్టు మెట్టుగా. అరిజోనాలో డీన్, 1986లో ఒహాయో స్టేట్‌లో ప్రొవోస్ట్ (చదువుల వ్యవహారాలకు పెద్ద), 1989లో ఆరెగాన్ ప్రెసిడెంట్. ఆరెగాన్‌లో ఏడాది తిరిగేసరికి, 1990 నవంబరులో, ఆ రాష్ట్ర ఓటర్లు ఆస్తి పన్నుకు పరిమితి పెడుతూ 'మెజర్ 5'ను గెలిపించారు. స్కూళ్లకు తగ్గిన పన్నును రాష్ట్రం పూడ్చాల్సి రావడంతో యూనివర్సిటీలకు వచ్చే డబ్బు పడిపోయింది. కొన్ని కోర్సులు మూసేయాల్సి వచ్చింది, ఫీజులు పెరిగాయి. డిపార్ట్‌మెంట్ మూసేటప్పుడు ఎదురుగా కూర్చునేది తోటి ప్రొఫెసర్లే. బ్రాండ్ అక్కడ గట్టిపడ్డారని ఆయన తర్వాతి జీవితం చూస్తే అర్థమవుతుంది.

ఇండియానాలో ఆయన చేసిన పని అంతా కోచ్ గొడవేనా?

కాదు, ఆ గొడవ మిగతావాటిని కప్పేసింది. యూనివర్సిటీ ఆసుపత్రులు, మెథడిస్ట్ ఆసుపత్రి కలిసి 1997లో క్లేరియన్ హెల్త్ అయింది ఆయన హయాంలోనే. 2000లో ఇన్ఫర్మాటిక్స్‌కు ప్రత్యేకంగా ఒక స్కూల్ పెట్టారు. జన్యు పరిశోధనకు అదే ఏడాది లిలీ ఎండోమెంట్ అనే దాతృత్వ సంస్థ నుంచి 10.5 కోట్ల డాలర్లు వచ్చాయి.

సరే, బాబ్ నైట్ గొడవ ఏమిటి?

ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మన ఊళ్లలో క్రికెట్ పిచ్చిని మించిన పిచ్చి. ఆ రాష్ట్ర యూనివర్సిటీకి బాబ్ నైట్ 1971లో కోచ్‌గా వచ్చారు. 1976, 1981, 1987లో జాతీయ టైటిళ్లు గెలిపించారు. 1976 టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పురుషుల విభాగంలో ఇంకే టీమూ అలా సీజన్ ముగించలేదు. దొంగచాటుగా డబ్బులిచ్చి ఆటగాళ్లను తెచ్చుకుంటాడన్న మచ్చ నైట్ మీద లేదు. తన పిల్లలు డిగ్రీ పూర్తి చేయాలని పట్టుబట్టేవారు. ఇవన్నీ ఆయన ఖాతాలో వేయాల్సిందే.

కోపం మాత్రం భయంకరం. 1985లో పర్డ్యూ యూనివర్సిటీతో మ్యాచ్ మధ్యలో కుర్చీ ఎత్తి కోర్టులోకి విసిరారు. 1997లో ప్రాక్టీసులో ఒక ఆటగాడి మెడ మీద చెయ్యి వేసి పట్టుకున్న వీడియో 2000 ఏప్రిల్‌లో టీవీలో వచ్చింది. అప్పటిదాకా కోచ్ అలాంటిదేమీ చేయలేదని వాదించినవాళ్లకు మాట పడిపోయింది.

2000 మే 15న బ్రాండ్ నిర్ణయం చెప్పారు: 30,000 డాలర్ల జరిమానా, 3 మ్యాచ్‌ల సస్పెన్షన్, ఇకపై ఒక్క తప్పు కూడా సహించేది లేదన్న షరతు. సెప్టెంబరులో ఒక కుర్ర విద్యార్థి ఆయనకు ఎదురుపడి, ముందు 'కోచ్' అనో 'మిస్టర్' అనో లేకుండా ఉత్త ఇంటిపేరుతో పలకరించాడు. నైట్ అతని చెయ్యి పట్టుకుని మర్యాద గురించి క్లాసు పీకారు. గట్టిగా పట్టుకున్నారని విద్యార్థి, మామూలుగానే పట్టుకున్నానని కోచ్. సెప్టెంబరు 10న బ్రాండ్ ఆయన్ను తీసేశారు. ఈ ఒక్క సంఘటనకే కాదని, మే తర్వాత కూడా ప్రవర్తన మారలేదని, పైవాళ్ల మాట లెక్కచేయలేదని కారణాలు చెప్పారు.

ఆ రాత్రి వేలమంది విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు. ప్రెసిడెంట్ ఇంటి దాకా ఊరేగింపుగా వెళ్లారు. దిష్టిబొమ్మలు తగలబెట్టారు. నైట్‌ను చాలాకాలంగా విమర్శిస్తున్న ఇంగ్లిష్ ప్రొఫెసర్ మర్రే స్పెర్బర్ బెదిరింపులు తట్టుకోలేక ఆ ఏడాది సెలవు పెట్టి ఊరొదిలి వెళ్లారు. ఒక కోచ్‌ను విమర్శించినందుకు పాఠాలు చెప్పే మనిషి క్యాంపస్‌లో ఉండలేకపోయాడంటే, అక్కడ ఎవరి పెత్తనం నడుస్తోందో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మే నెలలోనే ఎందుకు తీసెయ్యలేదు? గెలిచే కోచ్ అని భయపడ్డారా?

చివరి అవకాశం ఇవ్వడమే సరైనదని బ్రాండ్ అప్పుడు వాదించారు. నేను ఒప్పుకోను. ఆటగాడి మెడ పట్టుకున్న వీడియో కళ్ల ముందుంది. అదే పని ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేసి ఉంటే మూడు క్లాసుల సస్పెన్షన్‌తో సరిపెట్టేవారా? అయితే ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. మే నెలలో షరతు పెట్టకపోతే సెప్టెంబరులో తీసేయడానికి అంత బలమైన ఆధారం ఉండేది కాదు. అంతకుముందు వచ్చిన ప్రెసిడెంట్లెవరూ అంతదూరం కూడా వెళ్లలేదు.

తీసేశాక టీమ్ పాడైపోయిందా?

లేదు. నైట్ కింద పనిచేసిన మైక్ డేవిస్ కోచ్‌గా 2002లో అదే ఇండియానా ఫైనల్‌కి వెళ్లి మేరీలాండ్ చేతిలో ఓడింది. నైట్ టెక్సస్ టెక్‌లో చేరారు. ఇండియానా బాస్కెట్‌బాల్ కోర్టులో మళ్లీ అడుగుపెట్టింది 2020 ఫిబ్రవరిలోనే. 2023 నవంబరులో చనిపోయారు.

ఎన్‌సీఏఏకి ఎలా వెళ్లారు?

2001 జనవరిలో వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌లో మాట్లాడారు. ముందు చదువు, తర్వాతే ఆట అన్నది ఆ ప్రసంగం సారం. ఆటను తీసేయాలని ఆయన అనలేదు. హోరు తగ్గించాలన్నారు, క్యాంపస్ పగ్గాలు ప్రెసిడెంట్ల చేతిలో ఉండాలన్నారు. నైట్‌ను తీసేసిన మనిషి చెబుతున్నాడు కాబట్టి దేశం విన్నది. ఎన్‌సీఏఏ కొత్త అధిపతి కోసం వెతుకుతున్నప్పుడు, 2002లో, ఆయన పేరు ఖాయమైంది.

ఆ పదవికి ఎంత అధికారం ఉంటుంది?

బయటివాళ్లు అనుకునేంత ఉండదు. నియమాలు చేసేది సభ్య కాలేజీలు. అన్నిటికంటే పెద్ద స్థాయి ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఎన్‌సీఏఏ చేతిలోనే లేదు. కోచ్‌ల జీతాలకు పరిమితి పెట్టే వీలూ దానికి లేదు. అంతకుముందు అసిస్టెంట్ కోచ్‌ల జీతాలకు హద్దు పెట్టబోయి కోర్టులో ఓడిపోయి, 1999లో 5.45 కోట్ల డాలర్లు కట్టింది. నల్లజాతి హెడ్ కోచ్‌లు ఫుట్‌బాల్‌లో ఇంత తక్కువమంది ఉండటం సిగ్గుచేటని బ్రాండ్ పదేపదే అన్నారు, కానీ ఫలానావారిని పెట్టుకోండని ఏ కాలేజీకీ ఆదేశం ఇవ్వలేరు. ఒప్పించడం, లెక్కలు బయటపెట్టడం, ఈ రెండే ఆయన పనిముట్లు. ఆ రెండోదాన్ని ఆయన బాగా వాడారు.

ఏపీఆర్ అంటే ఆ లెక్కేనా? ఎలా వేస్తారు?

అవును. అకడమిక్ ప్రోగ్రెస్ రేట్. దానికి 2003-04 విద్యా సంవత్సరం నుంచి వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆటగాడికీ ప్రతి సెమిస్టర్‌కీ రెండు పాయింట్లు ఉంటాయి. చదువులో అర్హత నిలుపుకుంటే ఒకటి, కాలేజీలో కొనసాగితే (లేదా డిగ్రీ పూర్తి చేస్తే) ఇంకొకటి. టీమ్ తెచ్చుకున్న పాయింట్లను మొత్తం రావాల్సిన పాయింట్లతో భాగించి 1000తో గుణిస్తారు.

లెక్క చేసి చూద్దాం. బాస్కెట్‌బాల్ టీమ్‌లో 13 మంది స్కాలర్‌షిప్ ఆటగాళ్లు. రెండు సెమిస్టర్లకు మొత్తం 52 పాయింట్లు. ఒకడు ఫెయిలై, కాలేజీ కూడా వదిలేశాడు: రెండు పాయింట్లు పోయాయి. ఇంకొకడు చదువు బాగున్నా మానేశాడు: ఒకటి పోయింది. 49ని 52తో భాగిస్తే 942. ఆ రెండోవాడు కూడా ఫెయిలై వెళ్లిపోతే 48, అంటే 923. అప్పట్లో గీత 925 దగ్గర ఉండేది. దాని కిందికి పడి, ఇలా ఫెయిలై వెళ్లినవాడు ఉంటే, వాడి స్కాలర్‌షిప్‌ను ఏడాది పాటు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇంకా దిగజారితే పెద్ద శిక్షలు. ఒక్క ఏడాది చూసి తొందరపడకుండా నాలుగేళ్ల సగటు తీసుకుంటారు.

ఈ లెక్కలో నాకు నచ్చింది ఒకటే. అంతకుముందు పిల్లవాడు ఫెయిలైతే నష్టం పిల్లవాడిదే. దీని తర్వాత కోచ్‌కీ నష్టమే. 'వీడు క్లాసుకి వెళ్తున్నాడా?' అని కోచ్ టెన్షన్ పడే పరిస్థితి వచ్చింది. మా కబడ్డీ ప్లేయర్ గురించి అలా టెన్షన్ పడేవాళ్లు ఒక్కరుంటే చాలు అనిపిస్తుంది.

శిక్షలు కాగితం మీదే ఉండిపోయాయనుకోకండి. గీతను తర్వాత 930కి పెంచారు. 2011లో జాతీయ టైటిల్ గెలిచిన కనెక్టికట్ పురుషుల బాస్కెట్‌బాల్ టీమ్‌ను ఏపీఆర్ తక్కువైనందుకు 2013 టోర్నమెంట్‌లో ఆడనివ్వలేదు.

దొంగదారులు రాలేదా?

వచ్చాయి. పాయింట్లు కావాలంటే రెండు మార్గాలు: పిల్లవాడికి చదువు చెప్పడం, లేదా చదువును తేలిక చేయడం. ఒకే టీమ్‌లో సగం మంది ఒకే సులువైన సబ్జెక్టులో చేరడం చాలాచోట్ల కనిపించింది. అన్నిటికంటే పెద్ద కథ నార్త్ కరోలినా యూనివర్సిటీది. అక్కడ 1993 నుంచి 2011 దాకా పాఠమే జరగని క్లాసులు నడిచాయి, ఒక పేపర్ రాసిస్తే మంచి గ్రేడ్ వచ్చేది. 3,100 మందికి పైగా విద్యార్థులు అలా క్రెడిట్లు తెచ్చుకున్నారని 2014లో వచ్చిన విచారణ నివేదిక చెప్పింది. వాళ్లలో దాదాపు సగం ఆటగాళ్లు. ఆ క్లాసులు ఆటగాళ్లు కానివాళ్లకు కూడా తెరిచే ఉన్నాయి కాబట్టి తమ నియమాల కింద శిక్షించలేమని ఎన్‌సీఏఏ 2017లో చేతులెత్తేసింది. అది ఏపీఆర్ కంటే ముందే మొదలైన మోసం, ఏపీఆర్ వచ్చాక కూడా ఆగలేదు. లెక్క ఎంత మంచిదైనా క్లాసులో ఏం చెబుతున్నారో అది చూడలేదు. బ్రాండ్ విధానంలో నాకు కనిపించే అసలు లోపం ఇదే.

కాలేజీ టీమ్‌లు వాడే రెడ్ ఇండియన్ పేర్లు, బొమ్మల మీద నిషేధం పెట్టింది ఈయనేనా?

ఆయన హయాంలోనే. 2005 ఆగస్టులో సంఘం కార్యవర్గం 18 కాలేజీల జాబితా ఇచ్చింది. మూలవాసులను కించపరిచేలా ఉన్న పేర్లు, బొమ్మలు 2006 ఫిబ్రవరి నుంచి ఎన్‌సీఏఏ టోర్నమెంట్లలో కనిపించకూడదంది. ఎవరి సొంత మ్యాచ్‌ల్లో వాళ్లు ఏం పెట్టుకున్నా తమకు సంబంధం లేదంది, ఎందుకంటే అధికారం అంతవరకే. ఫ్లోరిడా స్టేట్ వాడే 'సెమినోల్స్' పేరుకు ఆ తెగవాళ్లే మద్దతు తెలపడంతో ఆ కాలేజీకి మినహాయింపు ఇచ్చారు. ఎవరి పేరు వాడుతున్నారో వాళ్లనే అడగడం నాకు సరైన పద్ధతిగా తోచింది. ఇల్లినాయ్‌లో తెగ నాయకుడి వేషం వేసుకుని చేసే నాట్యం 2007 ఫిబ్రవరిలో ఆగిపోయింది.

ఆడపిల్లల ఆటల విషయంలో?

1972లో వచ్చిన 'టైటిల్ 9' చట్టం ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష ఉండకూడదంటుంది. 2005 మార్చిలో విద్యాశాఖ ఒక సడలింపు ఇచ్చింది: ఆటల మీద ఆసక్తి ఉందా అని అమ్మాయిలకు ఈమెయిల్ పంపి, జవాబు రాకపోతే ఆసక్తి లేదనుకోవచ్చట. బ్రాండ్ దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. ఆ పద్ధతి వాడొద్దని ఎన్‌సీఏఏ తన కాలేజీలను కోరింది. 2010లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. అది చూడటానికి ఆయన లేరు.

అసలు యూనివర్సిటీలో ఆట ఎందుకుండాలని ఆయన వాదన?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

2006లో, ఎన్‌సీఏఏ అధిపతిగా ఉంటూనే, క్రీడా తత్వశాస్త్ర పత్రికలో బ్రాండ్ ఒక వ్యాసం రాశారు. యూనివర్సిటీల్లో మామూలుగా ఉండే అభిప్రాయం ఏమిటంటే, ఆట చదువుకు బయటిది. ఉంటే సరదా, లేకపోయినా నష్టం లేదు. దీనికి ఎదురుగా ఆయన ఇంకో అభిప్రాయం పెట్టారు: ఆట చదువులో కలిసిపోయి ఉండాలి, సంగీతం ఉన్నట్టుగా.

ఒక అమ్మాయి యూనివర్సిటీలో వయొలిన్ నేర్చుకుంటుంది. రోజూ గంటల తరబడి సాధన చేస్తుంది, గురువు పక్కన నిలబడి వేళ్లు సరిచేస్తాడు, జనం ముందు కచేరీ చేస్తుంది. దీనంతటికీ క్రెడిట్లు వస్తాయి, చివరికి పట్టా వస్తుంది. ఇంకో అమ్మాయి వాలీబాల్ ఆడుతుంది. ఆమెకూ రోజూ సాధన, కోచ్, జనం ముందు ప్రదర్శన. ఆమెకు మాత్రం అది 'అదనపు కార్యక్రమం'. తేడా ఎక్కడుంది? శరీరంతో చేసే పనిని బుద్ధితో చేసే పనికంటే తక్కువగా చూసే చిన్నచూపులో ఉందని బ్రాండ్ అంటారు. వేళ్లు కూడా శరీరమే కదా. ప్రపంచంలోనే పేరున్న సంగీత పాఠశాల ఉన్న ఇండియానాకు ఎనిమిదేళ్లు ప్రెసిడెంట్‌గా ఉన్న మనిషి ఈ పోలిక తేవడం గాల్లోంచి వచ్చింది కాదు.

మనకు ఈ వాదన ఇంకా సులువుగా ఎక్కాలి. తెలుగు విశ్వవిద్యాలయంలో కూచిపూడి నాట్యానికి పట్టా ఇస్తున్నాం. కాళ్లూ చేతులూ కళ్లూ సంవత్సరాల తరబడి సాధన చేస్తే అది విద్య అని ఒప్పుకున్నాం. మరి అదే కాళ్లతో హర్డిల్స్ దాటితే అది విద్య కాకుండా ఎలా పోయింది?

అంత బాగా ఆలోచించిన మనిషి ఆటగాళ్లకు డబ్బివ్వడానికి ఎందుకు ఒప్పుకోలేదు?

ఆయన వాదన ఇది: అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడేవాడు) అన్న మాట ఆడేవాళ్లకు వర్తిస్తుంది, ఆటను నడిపే వ్యవస్థకు కాదు. టీవీ హక్కులు అమ్మి డబ్బు తేవచ్చు, ఎందుకంటే ఆ డబ్బుతోనే వందలాది చిన్న ఆటలు, మహిళల టీమ్‌లు బతుకుతాయి. ఆటగాళ్లు మాత్రం ముందు విద్యార్థులు. ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు ఇస్తున్నాం, జీతం ఇస్తే వాళ్లు ఉద్యోగులైపోతారు. 2006 అక్టోబరులో అమెరికా పార్లమెంటు కమిటీ ఛైర్మన్ బిల్ థామస్, ఇంత డబ్బు చేసుకునే సంఘానికి పన్ను మినహాయింపు ఎందుకివ్వాలో చెప్పమని లేఖ రాస్తే, బ్రాండ్ ఇదే దారిలో పొడవాటి జవాబు పంపారు.

ఇక్కడ ఆయన తన సొంత పోలికనే మధ్యలో వదిలేశారని నా నమ్మకం. వయొలిన్ నేర్చుకునే అమ్మాయి శనివారం ఒక పెళ్లిలో వాయించి డబ్బు తెచ్చుకుంటే యూనివర్సిటీ ఆమెను కచేరీల నుంచి బహిష్కరించదు. క్యాసెట్ వేసుకోవచ్చు, ప్రకటనలో కనిపించవచ్చు. వాలీబాల్ అమ్మాయి బూట్ల ప్రకటనలో కనిపిస్తే మాత్రం ఆ రోజుల్లో ఆట పోయేది. ఆట సంగీతం లాంటిదే అయితే ఈ నియమం నిలబడదు. మొదటి మాట అంత ధైర్యంగా అన్నవారు రెండో మాట కూడా అనాల్సింది. ఆ కుర్చీలో కూర్చుని అనడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా అనాల్సింది.

2009 జూలైలో, ఆయన చనిపోవడానికి రెండు నెలల ముందు, ఎడ్ ఓ'బానన్ అనే మాజీ ఆటగాడు కోర్టుకెళ్లారు. వీడియో గేముల్లో తన పోలికను వాడుకుని తనకు పైసా ఇవ్వలేదని వాదించి 2014లో గెలిచారు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ అనే మాజీ ఆటగాడి పేరుతో నడిచిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవచ్చు. ఇలాంటి ఇతర కేసుల్లో 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన రాజీ ప్రకారం పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. కాలేజీలు కూడా ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు.

మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా పెద్దగా లేదు. ఆయన హయాంలో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరుసగా ఎన్‌సీఏఏ టెన్నిస్ సింగిల్స్ గెలిచారు.

తత్వవేత్త యూనివర్సిటీని నడపడం మాత్రం మనకు కొత్త కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. మన అంతర విశ్వవిద్యాలయ పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. వాటి నుంచి మంచి ఆటగాళ్లు వస్తున్నారు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూలో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకాల లెక్క మనం బాగానే రాసుకుంటాం. టీమ్‌లో ఎందరు డిగ్రీ పూర్తి చేశారన్న లెక్క కూడా కాలేజీవారీగా ఏటా గోడ మీద అంటించాలని నా కోరిక.

ఆయన ఎలా చనిపోయారు?

పాంక్రియాస్ క్యాన్సర్‌తో. 2009 జనవరిలో సంఘం వార్షిక సమావేశంలో ఆయన జబ్బు గురించి అందరికీ తెలిసింది. చివరిదాకా పదవిలోనే ఉన్నారు. సెప్టెంబరు 16న కన్నుమూశారు. వయసు 67.

మా అమ్మాయి బాగా ఆడుతుంది. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ మీద అమెరికా పంపాలనుకుంటున్నాం. ఈ నియమాలు ఇప్పటికీ ఉన్నాయా?

చదువు నియమాలు చాలావరకు ఉన్నాయి. పై స్థాయి కాలేజీలకు (డివిజన్ 1) 9వ తరగతి నుంచి 12 దాకా 16 కోర్ సబ్జెక్టులు లెక్కలోకి తీసుకుంటారు. అంతకుముందు 14 ఉండేవి, 2008లో బ్రాండ్ హయాంలో 16 అయ్యాయి. వాటిలో కనీస సగటు (4కి) 2.3 ఉండాలి. శాట్ (అమెరికా కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు తప్పనిసరి అన్న నిబంధన 2023లో తీసేశారు, కానీ ఏ కాలేజీకి ఆ కాలేజీ అడగవచ్చు. అక్కడ చేరాక రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి, లేకపోతే ఆడనివ్వరు. కాబట్టి అకాడమీలో చేర్పించి స్కూలుకి సగం రోజులు పంపకుండా ఉండే పద్ధతి 9వ తరగతిలోనే మానేయండి. మార్కుల జాబితాలన్నీ జాగ్రత్తగా దాచండి, ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ ప్రతి ఏడాదివీ అడుగుతుంది. ఇంకొకటి: ప్రకటనల డబ్బు గురించి వినే కథలు అమెరికా పిల్లలవి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లినవాళ్లకు సంపాదన మీద ఆంక్షలున్నాయి, తెలియక సంతకం పెడితే వీసాకే ముప్పు. ఎవరైనా ఒప్పంద పత్రం చేతిలో పెడితే ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి చూపించమని అమ్మాయికి చెప్పి పంపండి.